యాభై రెండు మెట్లు, ఒక మూట

ఏడో మెట్టు మీద మూట ఆగింది. అలిసి కాదు, చీమ కనబడి. ఒకే ఒక్క చీమ, బిస్కెట్టు పలుకొకటి నోట కరుచుకుని గోడవారగా తన దోవన తాను పోతోంది, మూట దాని ముందు చతికిలబడి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, అద్దెకు ఇల్లు చూడడానికి వచ్చిన పెద్దమనిషిలా అటూ ఇటూ పరీక్షగా చూస్తోంది. వెనక రెండు మెట్ల కింద నిలబడ్డ తల్లి చేతి గడియారం చూసుకుంది. నాలుగు దాటి ఎనిమిది నిమిషాలు. ఐదింటికి పైన తలుపు మూసేస్తారు. యాభై రెండు మెట్లు, అందులో ఏడు అయ్యాయి, నలభై ఐదు మిగిలాయి, దోవలో ఇంకా ఎన్ని చీమలున్నాయో ఎవరికి తెలుసు. పోనీ, చూడనీ, తొందరపెడితే మొదటికే మోసం వస్తుంది, దీన్ని తొందరపెట్టి నెగ్గినవాళ్ళు ఇంట్లో ఇంతవరకు లేరు, బూట్లు తొడుక్కోవడానికే పావుగంట, అదీ కుడిది ఎడమకాలికి, మార్చబోతే కాలు బిగదీసుకుని ఇల్లు ఎగిరిపోయేలా ఏడుపు, అందుకని ఈరోజు కూడా బూట్లు తారుమారుగానే ఉన్నాయి, ఆ తారుమారు బూట్లతోనే ఏడు మెట్లు ఎక్కింది, ఎవరూ చెయ్యి వెయ్యకుండా. ఏడు తక్కువేం కాదు. పొద్దున ఇంటి గడప దాటడానికి అత్తగారి వేలు కావాల్సి వచ్చిన పిల్లకు ఏడు చాలా ఎక్కువ.

పైనున్న ఆ తలుపు వెనక పిల్లల్ని పగలంతా చూసుకుంటారు. రెండు గదులు, తొమ్మిదిమంది పిల్లలు, ఇద్దరు ఆడవాళ్ళు, వాళ్ళలో పెద్దావిడను పిల్లలూ తల్లులూ అందరూ పెద్దమ్మ అనే అంటారు. ఆవిడ షరతు గోడమీద రాసి లేదు, ఆవిడ నడుంలో ఉంది. నాలుగేళ్ళ కిందట కింది దుకాణంలో కరెంటు తీగలు కాలి మెట్లనిండా పొగ కమ్ముకున్నప్పుడు, నడిచే పిల్లలు తాడు పట్టుకుని వరసగా దిగారు, నడవని ఇద్దర్నీ ఆవిడ చెరో చంకన వేసుకుని దిగింది, దిగాక నెల్లాళ్ళు మంచం దిగలేదు. “మీ అమ్మాయి బంగారమే, కాదనను. మెట్లు తనంతట తను ఎక్కిన పిల్లనే చేర్చుకుంటాను, దిగడం నేను నేర్పుకుంటాను. శనివారం నాలుగింటికి రా, ఐదు దాకా నీదే. నువ్వు వెనకే ఉండు, పడబోతే పట్టుకో. ఎత్తావంటే మాత్రం ఇంక రానక్కర్లేదు” అంది. ఎత్తుకోకుండా ఉండడం కూడా ఒక పనేనా అనుకుంది ఆమె అప్పుడు. పనే. ఇంతకంటే బరువైన పని తొమ్మిదేళ్ళలో చెయ్యలేదు, ఆమె తొమ్మిదేళ్ళు చేసిందల్లా బరువులెత్తడమే.

చీమ గోడపగుల్లోకి దూరింది. మూట కాసేపు పగులు దగ్గర ముక్కు పెట్టి వాసన చూసి, లేచింది. ఎడమ చేతిలో ఎర్ర సీసామూత ఉంది, నూనెసీసాది, మూడు వారాలుగా అదే ప్రాణం, నిద్రలో కూడా గుప్పిట వదలదు, స్నానానికి తీసుకెళ్తే మూతకు కూడా స్నానం, అన్నం పెడితే మూతకు కూడా ఒక మెతుకు. ఆ చేత్తో కమ్మీ పట్టుకోవడం కుదరదు. మొదటి మెట్టు దగ్గరే వచ్చిన చిక్కు ఇది, తల్లి మూత అడిగితే ఇవ్వలేదు, జేబులో వేస్తానంటే ఇవ్వలేదు, ఇంక అయిపోయింది, మూత దగ్గరే సోమవారం పనికి వెళ్ళడం ఆగిపోయింది అని ఆమె నీరుగారిపోతుంటే, మూట తానే ఉపాయం కనిపెట్టింది. మూతను పై మెట్టు మీద పెట్టడం, రెండు చేతులతో కమ్మీ పట్టుకుని తాను ఎక్కడం, మూత తీసుకోవడం, ఇంకో పై మెట్టు మీద పెట్టడం. ముందు సరుకు, తరవాత మనిషి. ఎవరు నేర్పారు దీనికి. అరలోంచి గిన్నెలన్నీ దించి ఒకదానిలో ఒకటి పెట్టి, సరిపోనిదాన్ని కసిరి, నానమ్మ కళ్ళజోడు బట్టలుతికే యంత్రంలో దాచి, చెంచాలు బూట్లలో పెట్టి, ఇల్లంతా కిందామీదా చేస్తుంటే అల్లరి అనుకున్నారు అందరూ, అది లోపల్లోపల పని నేర్చుకుంటోంది కాబోలు. ఎనిమిది. తొమ్మిది. పది.

మూట అన్న పేరు అత్తగారు పెట్టలేదు, కానీ ఆవిడ వల్లే వచ్చింది. పుట్టినప్పుడు కిలోన్నర. చేతిలోకి తీసుకుంటే బట్టలే బరువున్నాయి, పిల్ల ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. గుండెకు ఆనించి పట్టుకోండి, ఒంటివేడి తగలాలి, దించకండి అని చెప్పింది నర్సు, అత్తగారు ఆ మాట పట్టుకుంది, నర్సు ఉద్దేశం ఆరు వారాలు, అత్తగారు ఇరవై రెండు నెలలు దించలేదు. వంటింట్లో చంకన, బజార్లో చంకన, టీవీ ముందు ఒళ్ళో, నిద్రలో గుండెమీద. పక్కింటివాళ్ళు ఆవిడ చంకన ఎప్పుడూ ఏదో మూట ఉంటుందే అని నవ్వేవారు, ఆ మాటే పేరైంది. నడక పదిహేడో నెలలో గాని రాలేదు, వచ్చినా నడవనిచ్చిందెవరు, ‘పడుతుంది’ అనేది ఆవిడ, పడనీ అత్తయ్యా అంటే, ‘ఎత్తుకుంటే మనమేమన్నా అరిగిపోతామా’ అనేది. రేపు పొద్దున ఆవిడ కూతురి పురిటికి బయలుదేరుతోంది, అక్కడ ఇంకో కిలోన్నరో రెండు కిలోలో రాబోతోంది, మూడు నెలలు రాదు. మధ్యాహ్నం పెట్టె సర్దుకుంటూ మెట్ల సంగతి విని మొహం చిట్లించింది. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని ఆమె చాలాసార్లు ప్రయత్నించింది, రాలేదు, ఆ గుండెమీద ఉండబట్టే కదా ఇది ఈవేళ చీమల్ని చూస్తోంది.

పదమూడు. మొదటి మలుపు. చిన్న కిటికీ, అందులోంచి ఎండ ముక్క ఒకటి నేలమీద పడి ఉంది, మూట దాన్ని తొక్కింది, వంగి తీయబోయింది, రాలేదు, పోనీలే అన్నట్టు వదిలేసింది. కిటికీలోంచి దూరంగా క్రేను కనిపిస్తోంది. సన్నగా, పసుపుపచ్చగా, మేడల మీదుగా చెయ్యి చాచి. ఆమె కూర్చోవాల్సిన దాని గదిలో ఇవాళ వేరే మనిషి కూర్చున్నాడు, కాస్త దుడుకు మనిషి, కొక్కెం ఊగుతోంది, ఇక్కడినుంచే తెలుస్తోంది ఆమెకు, బరువు దించేముందు ఆగడు, ఊపు చావకుండానే దించుతాడు, కింద సైగలిస్తూ నిలబడ్డ మొగుడు ఎన్నిసార్లు పళ్ళు కొరుక్కుంటున్నాడో. సోమవారం ఏడింటికి ఎక్కుతున్నానని చెబితే ఆ సీటు ఆమెది, చెప్పకపోతే ఆ దుడుకు మనిషిదే, పైవాళ్ళు దాచకుండానే చెప్పారు, ఇప్పటికే రెండేళ్ళు ఆగాం అన్నారు, అది నిజమే. మొగుడు నిన్న పక్కమీద మెల్లిగా అన్నాడు, కుదరకపోతే నేను మానేస్తాలే, సైగలు చేసేవాడు ఇంకొకడు దొరుకుతాడు, నీలాగా ఎత్తేవాళ్ళు దొరకరు అని. మంచివాడే. కానీ అతని సైగ లేకుండా ఆమె ఎత్తదు. ఇద్దరూ ఉండాలి, పైన ఒకరు, కింద ఒకరు, మధ్యలో బరువు. అందుకే ఈ మెట్లు మూట ఎక్కి తీరాలి, ఎక్కించి తీరాలి, ఎత్తకుండా.

పదిహేడో మెట్టు మీద మూట వెనక్కు తిరిగింది. మూత కింద పెట్టింది. కుడి మోచెయ్యి మడిచి, చూపుడు వేలు పైకెత్తి, గాలిలో చిన్న సున్నా చుట్టింది.

ఎత్తమని. దానికి మాటలింకా నాలుగే, నీళ్ళకు ‘నీ’, తండ్రికి ‘నా’, రమ్మనడానికి ‘దా’, మూతకు ‘ఊత’, మిగతా సంసారమంతా చేతులతోనే నెట్టుకొస్తుంది. తప్పు తల్లిదే. సెలవు మరీ పొడుగైంది, మళ్ళీ పరీక్షకు రావాలి అని పైవాళ్ళు అన్నప్పుడు, చేతి సైగలు మరిచిపోయానేమోనని బెంగపడి, రెండు నెలలు రోజూ అలమరా అద్దం ముందు నిలబడి సాధన చేసింది, ఎత్తు, దించు, కుడికి, ఎడమకు, నెమ్మదిగా, ఆపు, మూట నేలమీద గిన్నెల మధ్య కూర్చుని అన్నీ చూసింది, చూసి అవే మాటలనుకుంది. ఒకరోజు అన్నం తినిపిస్తుంటే చెయ్యి చాచి అరచెయ్యి నేలవైపు తిప్పి అటూ ఇటూ ఊపింది. ఆపు. నిఖార్సయిన ఆపు, పరీక్ష పెట్టేవాళ్ళు కూడా వంక పెట్టలేనంత. ఆమె చేతిలో చెంచా గాలిలోనే ఆగిపోయింది. మొగుడు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు, అత్తగారు ముక్కున వేలేసుకుంది, పిల్లకు మాటలు నేర్పమంటే ఈ మూగసైగలేమిటి, రేపు దీన్ని చూసి నలుగురూ ఏమనుకుంటారు అని. ఆవిడ ఆ సైగను లెక్కచెయ్యదు, ఊపే చేతిని పక్కకు నెట్టి ముద్ద పెట్టేస్తుంది. ఎత్తమనే సైగకు మాత్రం ఆవిడంత చురుగ్గా పలికేవాళ్ళు లేరు.

ఇప్పుడు పదిహేడో మెట్టు మీద ఆ వేలు తిరుగుతోంది, తల్లి రెండు చేతులూ వాటంతటవే కదిలాయి. తొమ్మిదేళ్ళు ఆ వేలు తిరగడమే చాలు, చెయ్యి పిడిని లాగేది, మధ్యలో ఆలోచన ఉండేది కాదు. ఎడం చేత్తో కమ్మీని ఉడుంపట్టు పట్టుకుంది. కుడిచెయ్యి ఒట్టినే ఉంచింది, పడితే పట్టుకోవడానికి. మూట కాసేపు చూసింది. అమ్మకు కనబడలేదేమో అనుకుంది. చెయ్యి ఇంకా పైకెత్తి, సున్నా ఇంకా పెద్దది చుట్టింది, సాయంత్రం వెలుగు తగ్గితే తండ్రి చేస్తాడు అలా, పైనున్న మనిషికి సరిగా ఆనదేమోనని. పిల్లకు అమ్మ మీద అనుమానం రాలేదు, అమ్మ కళ్ళమీద వచ్చింది.

“చూశానమ్మా. కనబడింది. ఎత్తను. నువ్వే ఎక్కు” అంది.

మూట పెదవి కిందికి జారింది. తరవాత ఏడుపు. మామూలు ఏడుపు కాదు, లోపల ఎక్కడో రాజుకుని, ఊపిరి బిగబట్టి, మొహం ఎర్రబడి, ఒక్కసారిగా బద్దలైంది, మెట్లగోడలు దాన్ని పట్టుకుని పైకీ కిందికీ మోసుకుపోయాయి. ఆమె కదలలేదు. పైకి కదలలేదంతే. లోపల మాత్రం ఇప్పటికి పదిసార్లు ఎత్తుకుని, మెడలో మొహం దాచుకుని, మెట్లు దిగి, ఇంటికి పోయి, సోమవారాన్ని తగలబెట్టి, ఆ సీటేదో ఆ దుడుకువాడికే ఇచ్చేసి, హాయిగా ఏడ్చింది. ఎందుకిదంతా, ఎవరికోసం, నీ క్రేను కోసమేనా, ఉయ్యాలకంటే అది ఎక్కువైందా అని లోపలినుంచి ఎవరో అడిగారు, గొంతు అత్తగారిది కాదు, తనదే. అవును, క్రేను కోసమే, అంది ఆమె లోపలే, నాకు ఆ గది కావాలి, నాలుగువైపులా అద్దాలు, కింద అందరూ చీమలంత, నా చెయ్యి మిల్లీమీటరు కదిలితే అక్కడ రెండు టన్నులు జానెడు కదులుతుంది, అది నాకు చేతనైన పని, దానికి నేనెందుకు సిగ్గుపడాలి, ఇది కూడా రేపు పెద్దయ్యాక చేతనైనదేదో చేస్తుంది, చేస్తే చూసి మురవనా. మురుస్తాను. కాబట్టి ఏడువు తల్లీ, ఏడ్చి ఎక్కు.

నాలుగు నిమిషాలు ఏడ్చింది. నాలుగున్నరకు ఆరు నిమిషాలు తక్కువ. సంచిలో ఫోను గురగురలాడింది, మొగుడే, పనిమధ్యలో చాటుగా చేస్తున్నాడు, తియ్యలేదు. ఏడుపు సన్నబడి ఎక్కిళ్ళయింది, ఎక్కిళ్ళ మధ్య మూట కళ్ళకు మూత కనిపించింది. ముక్కు చొక్కాకు తుడుచుకుని, మూతను పద్దెనిమిదో మెట్టు మీద పెట్టింది.

ఇరవై ఆరు దగ్గర మొదటి అంతస్తు, పొడుగాటి నడవా, మూసిన తలుపులు. పార్శిళ్ళు మోసే ఒకాయన పైనుంచి దిగివస్తూ ఆగాడు. మొహమంతా తడి, వంకర బూట్లు, కమ్మీ పట్టుకుని వేలాడుతున్న పిల్ల, వెనక చేతులూపుకుంటూ నిలబడ్డ తల్లి. “పాపం, ఎత్తుకోకూడదూ. ఇటివ్వండి, రెండంగల్లో పైన దింపేస్తాను” అన్నాడు.

“వద్దండీ. ఎక్కుతుంది.”

“చిన్నపిల్ల కదమ్మా.”

“అందుకేనండీ” అంది ఆమె.

ఆయనకు అర్థం కాలేదు, గోడకు ఒదిగి దిగిపోతూ రెండుసార్లు తిరిగి చూశాడు, ఇంటికి వెళ్ళాక భార్యతో చెబుతాడు, ఇవాళ ఒక రాతిగుండె మనిషిని చూశాను అని. చెప్పుకోనీ. ఎత్తుకోమని సలహా ఇచ్చేవాళ్ళకు లోకంలో కొదవలేదు, ఎత్తుకునే నడుములకే కొదవ. ఆమె ఇలాంటి చూపులు ఎరుగును. మొదటిసారి క్రేను నిచ్చెన ఎక్కినరోజు కింద నిలబడ్డవాళ్ళందరి చూపులూ అవే. పదకొండో అంతస్తు ఎత్తుదాకా వెళ్ళి కాళ్ళు బిగుసుకుపోయాయి, ముందుకు లేదు, వెనక్కు లేదు, కమ్మీని కౌగిలించుకుని ఏడ్చింది, ఇరవై మూడేళ్ళ మనిషి. పని నేర్పే ముసలాయన రెండు మెట్ల కింద ఉన్నాడు. చెయ్యి వెయ్యలేదు. దింపుతానని అనలేదు, భయపడకు అని కూడా అనలేదు. “కిందికి చూడకు, పైకీ చూడకు. చేతిలో ఉన్న కమ్మీ చూడు. నాకేం తొందర లేదు” అన్నాడు. నిజంగానే తొందర లేనట్టు అక్కడే వేలాడుతూ ఏదో కూనిరాగం తీశాడు. ఆరోజు ఆయన్ను పచ్చి బూతులు తిట్టుకుంది మనసులో. ఆయనకు అప్పటికే మోకాళ్ళ నొప్పులని, పావుగంట అలా నిలబడ్డందుకు మర్నాడు పనికి రాలేకపోయాడని తరవాత తెలిసింది. ఇప్పుడు ఆమె మోకాళ్ళు కూడా పీకుతున్నాయి, ఒక్కో మెట్టు మీద నిమిషం చొప్పున నిలబడడం ఎక్కడంకంటే కష్టం.

“నాకేం తొందర లేదు” అంది పైకే. అబద్ధమే. నాలుగూ ముప్ఫై మూడు.

ఆ ముసలాయనే మొదటిరోజు చెప్పిన మాట ఇంకోటి ఉంది. ఎత్తమనే సైగ ఒక్కడే ఇవ్వాలి, కింద నిన్ను చూసుకునేవాడు, వాడిచ్చినా నీకు మంచిదనిపించకపోతే ఎత్తకు. ఆపమనే సైగ మాత్రం ఎవరిచ్చినా ఆపు, ఎందుకని అడక్కు, ఇచ్చింది ఎవరని చూడకు. మళ్ళీ ఇచ్చినవాళ్ళు ఇంకో సైగ చేసేదాకా పిడి ముట్టుకోకు. మూడో ఏడు ఒక మధ్యాహ్నం, నేల ఊడ్చే ఆమె చీపురు పడేసి చెయ్యి అటూ ఇటూ ఊపింది, పై అధికారి నవ్వుతున్నాడు, ఆమెకేం తెలుసు కానివ్వు అన్నట్టు. ఈమె ఆపింది. చూస్తే బరువుకు కట్టిన పట్టీ ఒకవైపు చిరుగుతోంది, కింద అప్పుడే ఈలవేస్తూ నడిచి వచ్చినవాడు కాబోయే మొగుడు. ఊడ్చే ఆమె పెళ్ళికి వచ్చి ముందు వరసలో కూర్చుంది.

ముప్ఫై ఐదో మెట్టు దగ్గర మూత జారింది. మూట దాన్ని అంచుమీద పెట్టింది, అది పక్కకు ఒరిగి, చక్రంలా నిలబడి, టక్కు టక్కుమని ఒక్కో మెట్టూ దూకుతూ తొమ్మిది మెట్లు కిందికి, మొదటి అంతస్తు నడవాలోకి దొర్లిపోయింది. “ఊత” అంది మూట, నమ్మలేనట్టు. మరుక్షణం వెనక్కు తిరిగి కిందికి కాలు చాచింది. దిగడం రాదు దానికి. కాలు గాలిలో ఉంది, కమ్మీ మీద ఒక చెయ్యే ఉంది. తల్లి పట్టుకోబోయింది, పట్టుకుంటే ఏమవుతుందో తెలుసు, తన్నుకుంటుంది, వెనక్కు విరుచుకుపడుతుంది, అప్పుడు ఎత్తక తప్పదు. చెయ్యి చాచి, అరచెయ్యి కిందికి తిప్పి, దాని కళ్ళముందు అటూ ఇటూ ఊపింది.

మూట ఆగింది. గాలిలో కాలు అలాగే ఉంచి తల్లి మొహం చూసింది, చేతిని చూసింది, కాలు వెనక్కు తీసి, మెట్టుమీద కూర్చుంది. బుగ్గలమీద కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి, అయినా కూర్చుంది. అద్దం ముందు చూసిందంతా నేర్చుకుంది ఇది, సైగ ఇవ్వడమే కాదు, సైగకు ఆగడం కూడా. ఆమె కళ్ళు దానిమీంచి తియ్యకుండా, చెయ్యి దించకుండా, వెనక్కు వెనక్కు తొమ్మిది మెట్లు దిగింది, కాలితో తడుముకుంటూ మూత వెతికింది, దొరికింది, ఎక్కి వచ్చింది. మూట అంగుళం కదలలేదు. మూత చేతికిచ్చి, చెయ్యి దించింది. అప్పుడు లేచింది అది. అంత చిన్న ఒంటిలో అంత నిలకడ ఎక్కడుందో ఆమెకు అంతుపట్టలేదు. నాలుగూ నలభై నాలుగు.

ఇక అక్కడినుంచి మూట మూతను మెట్టుకు లోపలగా, గోడవైపు పెట్టడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు. ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది, ఆఖరి మలుపు, ఇక్కడి కిటికీలో ఆకాశం తప్ప ఏమీ లేదు. నలభై. ప్రతి మెట్టుకూ ‘హుం’ అంటోంది, బరువు దించినప్పుడు తండ్రి అనే హుంకారం అది. నలభై నాలుగు దగ్గర వేళ్ళు కమ్మీ మీదనుంచి జారుతున్నాయి, చెమట, ఆగి చొక్కాకు తుడుచుకుంది, ఒక్కో చెయ్యీ విడివిడిగా, మూతను కూడా తుడిచింది. పైన తలుపు తెరుచుకుంది. పెద్దమ్మ గడపలో నిలబడింది, ఒక చెయ్యి నడుంమీద, ఒక చేతిలో తాళం. వెనకనుంచి గోడ గడియారం కనబడుతోంది, ఐదుకు నాలుగు నిమిషాలు. నలభై ఏడు. నలభై ఎనిమిది. నలభై తొమ్మిది.

యాభయ్యో మెట్టు మీదికి రెండోకాలు రాలేదు. వంకర బూటు మొన మెట్టు అంచుకు తట్టుకుంది, మూట ముందుకు తూలింది, గడ్డం పై మెట్టుకు ఠప్పున తగిలింది. ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. తరవాత ఏడుపు, గడ్డం మీద సన్నని ఎర్రగీత, గీతనుంచి ఒక చుక్క. తల్లి అప్పటికే దాని వెనక మెట్టుమీద ఉంది, ఎప్పుడు ఎక్కిందో తెలియదు. ఇంక చాలు. ఇదేం పంతం, ఇదేం చదువు, పాలుతాగే పిల్లకు రక్తం వచ్చేదాకా. పెద్దమ్మ కూడా మెత్తబడింది. “ఆ రెండూ ఎత్తేసుకోవే. నేను చూడలేదనుకుంటాను” అంటూ మొహం నిజంగానే అటు తిప్పుకుంది. అంతే కావాల్సింది. రెండు మెట్లు. ఎవరూ చూడరు. సోమవారం కూడా చెడిపోదు. ఆమె రెండు చేతులూ ముందుకు వెళ్ళాయి, చంకల కిందికి, ఆ వెచ్చదనం వేళ్ళకు అప్పుడే తెలుస్తోంది, ఎత్తడమే తరువాయి.

మూట తిరిగి చూసింది. కన్నీళ్ళూ చీమిడీ రక్తమూ కలిసిన మొహంతో, ఏడుపు ఆపకుండానే, కుడిచెయ్యి చాచింది. అరచెయ్యి నేలవైపు తిప్పింది. అటూ ఇటూ ఊపింది.

ఆమె చేతులు గాలిలో ఆగిపోయాయి. ఎందుకని అడగలేదు. ఇచ్చింది ఎవరని చూడలేదు. ఒక అంగుళం దూరంలో, ఆ చంకల పక్కన, ఆమె చేతులు అలాగే నిలబడ్డాయి. మూట వాటిని ఒకసారి ఇటూ, ఒకసారి అటూ చూసి, ఆగాయని నిశ్చయించుకుని, ముందుకు తిరిగి, వెనకబడ్డ కాలు కూడా యాభయ్యో మెట్టు మీదికి లాక్కుంది. మూతను యాభై ఒకటో మెట్టు మీద, గోడవైపు, లోపలగా పెట్టింది. ఎక్కిళ్ళు పెడుతూ కమ్మీ పట్టుకుంది. ఒక కాలు. రెండో కాలు. హుం. మూత తీసుకుంది. గడప ముందు పెట్టింది. పెద్దమ్మ ఇటు తిరిగి, నడుంమీది చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఒక కాలు. రెండో కాలు కాసేపు అక్కడే ఉండిపోయింది, వస్తుందో రాదో, కింద వీధిలో ఎవరో ఇనుప తలుపు లాగుతున్నారు, గోడ గడియారం ముల్లు ఐదు వైపు జరుగుతోంది, వచ్చింది.

“సోమవారం ఆరున్నరకు తీసుకురా. బూట్లు మాత్రం నేనే తొడుగుతాను” అంది పెద్దమ్మ, గొంతు సవరించుకుని.

ఆమె చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి, మూడు మెట్ల కింద, ఆపమన్నది పెద్దమ్మ కాదు కదా. మూట మూతను తీసుకుని గుప్పిట బిగించింది. వెనక్కు తిరిగి, గడప మీద కూలబడి, కాళ్ళు బారచాపుకుని, తాను ఎక్కివచ్చిన మెట్లన్నిటినీ పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది. తరవాత తల్లిని చూసింది. మోచెయ్యి మడిచి, వేలు పైకెత్తి, చిన్న సున్నా చుట్టింది.

ఆమె మూడు మెట్లూ ఎక్కి, దాన్ని ఎత్తుకుంది.